డీజే బాక్సుల్లో చావు దరువు

మార్కాపురంలో రంగనాయకులు ఫంక్షన్ హాలు వెనక అంట్లు తోముతున్న మగ్దలీనమ్మకు వీధివైపు నుంచి డప్పు వినపడింది. చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. మూడో దెబ్బ కాస్త ఆలస్యంగా పడుతోంది. పలకల గనిలో వేలు చితికినప్పటి నుంచి ఆమె మొగుడు ఇశ్రాయేలు చెయ్యి అలాగే పడుతుంది. లోకంలో ఇంకెవరికీ ఆ చెయ్యి లేదు. పెళ్ళికి మేళం రానే వచ్చిందని సంబరపడి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గేటు దాకా పరిగెత్తింది.

గేటు దగ్గర ఇశ్రాయేలు ఉన్నాడు. వెనక మేళంలోని ఐదుగురూ ఉన్నారు. డప్పులు చంకల్లోనే ఉన్నాయి, ఎవరూ వాయించడం లేదు. డప్పు మాత్రం మోగుతూనే ఉంది, ఎదురుగా లారీ మీద పేర్చిన నల్లటి బాక్సుల్లోంచి. పెళ్ళివాళ్ళ కుర్రకారు లారీ ముందు చెమటలు కక్కుతూ ఎగురుతున్నారు.

"మీ డప్పు ముందే వచ్చింది గదరా. ఇంక మీరెందుకు వచ్చినారు?" అన్నాడు హాలు ఓనరు రంగనాయకులు. అన్నవాడికి కోపం కూడా లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆరుగురు మగవాళ్ళు తలలు దించుకుని కొనకనమిట్ల బస్సెక్కడం ఆమె కళ్ళారా చూసింది. చూసి ఏం చేసింది? వెనక్కి పోయి అంట్లు తోమింది. పేదవాళ్ళకు అవమానం జరిగిన రోజు కూడా పని రోజే.

అసలు సంగతి అంతకు ఏడాది ముందు మొదలైంది. వాళ్ళ ఊరు తిప్పమీదపల్లెకు పట్నం నుంచి ఒక కంపెనీవాడు వచ్చాడు. మెత్తటి మనిషి. మెడలో హెడ్‌ఫోన్లు, నోట్లో అందరికీ "బ్రో" అనే పిలుపు. పల్లె కళలు చచ్చిపోతున్నాయని, వాటిని కాపాడటానికే తాను పుట్టానన్నంత బాధ పడ్డాడు. బడి గదిలో కిటికీలకు బొంతలు కట్టించి మేళం చేత మూడు రోజులు వాయించుకున్నాడు. పెళ్ళి దరువు, జాతర దరువు, పీర్ల దరువు, రికార్డు చేసే మిషన్‌లోకి ఒక్కొక్కటే దిగిపోయాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. తమ వాయిద్యాన్ని ఒకడు ముందు కూర్చుని కళ్ళు మూసుకుని వినడం వాళ్ళకు అదే మొదలు.

మూడో రోజు అతను "ఇంకేమైనా మిగిలిందా?" అని అడిగాడు. మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడ్డ మగ్దలీనమ్మే, మొగుడి పనితనం సగంలో ఆగిపోకూడదన్న గొప్పకు పోయి, ఇంకొకటుందని చెప్పేసింది.

అది చావు దరువు. శవం లేకుండా దాన్ని వాయించరు. నేర్చుకునేవాడు కూడా చావు ఇంటి ముందే నేర్చుకోవాలి. అది వినపడితే చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో ఎవరి చేతిలో ఏ పనున్నా అక్కడ పెట్టేసి రావాలి. పగ ఉన్నవాళ్ళయినా రావాలి. మోత ఆగేదాకా అక్కడి నుంచి లేవకూడదు. ఇశ్రాయేలు కుదరదన్నాడు. దానికి దారి చూపింది కూడా మగ్దలీనమ్మే. పాత గని దాటి, గాలి అటువైపు కొట్టేచోట వాయిస్తే ఎవరికీ వినపడదు కదా, వినపడకపోతే ఎవరూ రారు కదా అంది. అందరికీ సబబుగానే తోచింది. దగ్గరున్న చెవుల గురించి అంత జాగ్రత్త పడ్డారు, ఎదురుగా కూర్చున్న పెట్టెకు మాత్రం చెవులుంటాయని అనుకోలేదు. శవం లేని లోటు తీరడానికి ఇశ్రాయేలు తన తండ్రి మల్లయ్యను తలచుకున్నాడు. మల్లయ్య పోయి పద్నాలుగేళ్ళు. వాయిస్తూ వాయిస్తూ కొడుకు ఏడ్చేశాడు. కంపెనీవాడు అదిరిందన్నాడు. ఆరుగురి చేతా వేలిముద్రలు వేయించుకుని వెళ్ళిపోయాడు.

ఫంక్షన్ హాలు అవమానం తర్వాత పెళ్ళిళ్ళు ఒక్కొక్కటే జారిపోయాయి. మేళంలో ఇద్దరు దర్శి వైపు కూలికి పోయారు. ఫిబ్రవరి వచ్చేసరికి మిగిలినవాళ్ళు రంగనాయకులు దగ్గరే పనికి చేరారు. అతనిప్పుడు హాలు ఓనరు మాత్రమే కాదు, మేళం దరువులు పట్టుకుపోయిన ఆ పట్నం కంపెనీకి కూలీల కాంట్రాక్టరు కూడా. కొనకనమిట్ల రోడ్డులో కొండ కింద నలభై ఎకరాలు చదును చేసి, రెండు రోజుల డీజే పండగ పెడుతున్నారు.

డీజే అంటే వినాయకుడి నిమజ్జనానికి ట్రాక్టరు మీద నాలుగు బాక్సులు కట్టుకోవడం అనుకునే కాలం పోయింది. ఇప్పుడు టికెట్లున్నాయి, చేతికి రంగు పట్టీలున్నాయి, ఏ రంగువాడు ఎంతవరకు రావచ్చో చెప్పే కంచెలున్నాయి, కంచెకొక బౌన్సరున్నాడు. పొద్దున యోగా, మధ్యాహ్నం జొన్న సంగటి, సాయంత్రం ఎగరడం. వట్టి పాట ఎవడైనా సెల్లులో వింటాడు గనుక వీళ్ళు మట్టివాసన అమ్ముతున్నారు. పోస్టరు నిండా డప్పు బొమ్మే. వచ్చేవాళ్ళంతా చెప్పులు విడిచి నేల మీద ఆడతారట. వాళ్ళ అరికాళ్ళకు గుచ్చుకోకుండా పల్లె ఆడవాళ్ళు పది రోజులు వంగి ఆ నలభై ఎకరాల్లో రాళ్ళు ఏరారు. మగ్దలీనమ్మ మడమలు పగిలి నెత్తురు కారుతున్నా ఏరింది. ఇశ్రాయేలు బాక్సులు మోశాడు.

పండగ మూడు రోజులుందనగా లీదియా సెల్లు పట్టుకుని ఇంటికొచ్చింది. ఆమె మోషే కూతురు. మోషే మేళంలో ఇశ్రాయేలుకు కుడిచెయ్యి. పిల్ల మార్కాపురంలో డిగ్రీ చదువుతూ విద్యార్థి సంఘంలో తిరుగుతుంది. శనివారం సాయంత్రం ఐదింటికి పెద్ద స్టేజీ మీద ఏం వేస్తారో కంపెనీ ముందుగా వదిలిందని చెప్పి, సెల్లులో వినిపించింది. రెండు దెబ్బలు పడ్డాయో లేదో ఇశ్రాయేలు అరచేత్తో సెల్లు మూసేశాడు.

"ఆపు తల్లీ. అది మా నాయన చావు."

మగ్దలీనమ్మ నోటి నుంచి జారిన మాట ఇంత దూరం వచ్చింది. ఆ ఒక్క దరువు వాళ్ళ చేత తీయిస్తే చాలు, ఇంకేమీ వద్దనుకుంది.

మరునాటి పొద్దున చర్చి ముందు రేకుల కింద పల్లె అంతా కూడింది. పాస్టరు ప్రభాకరరావు అయ్యగారు పోతే పోనిమ్మన్నారు. ఆ తోలు మన మెడలో ఊరివాళ్ళు కట్టిందని, పెద్దకులాల చావులకు వాయించలేదని తాతల వీపులు పగలగొట్టింది మరచిపోయారా అని అడిగారు. ముసలివాళ్ళు తలలూపారు. అది అబద్ధం కాదు.

లీదియా లేచింది. "మనం వదిలిపెట్టేది వేరు అయ్యగారూ, వాళ్ళు గుంజుకునేది వేరు. మోసినన్నాళ్ళు మనల్ని ఊరి బయట పెట్టినారు. ఇప్పుడు దెబ్బను లోపలికి పిలిచి, మనల్ని మళ్ళీ బయటనే పెడుతున్నారు. అది మన కష్టం గదా. కష్టం ఎవురిదో వాళ్ళను అడగనన్నా అడగాల గదా."

బాక్సులు పగలగొడదామన్నాడు మోషే. పని మానేద్దామన్నారు కొందరు. మానేస్తే రేపు పొయ్యి ఎవరు వెలిగిస్తారన్నారు ఇంకొందరు. ఎవరి మాటా తప్పు కాదు, అందుకే ఏ మాటా తెగలేదు. చివరికి పోయి అడుగుదామన్నది ఒక్కటే మిగిలింది.

అడిగారు. రంగనాయకులు వేలిముద్రల కాగితం జిరాక్సు చూపించాడు. కంపెనీవాళ్ళు ఫోనులో, అది ఇప్పుడు పాట అనీ, పాటకు చావేమిటనీ అన్నారు. పోలీసు స్టేషన్లో అన్ని పర్మిషన్లూ ఉన్నాయన్నారు. మగ్దలీనమ్మ రంగనాయకులు కాళ్ళ దాకా వంగింది. "నేను బటన్ నొక్కేవాణ్ని కాదమ్మా" అని అతను కారెక్కాడు. బటన్ నొక్కేవాడెవడో, ఏ ఊళ్ళో ఉంటాడో వాళ్ళకెవరికీ తెలియదు. తెలియనివాడితో ఎట్లా కొట్లాడాలి?

శనివారం ఐదింటికి ఎండ ఇంకా ఉంది. వేల మంది కుర్రకారు ఉత్తకాళ్ళతో నిలబడ్డారు. కంచె పక్కన మగ్దలీనమ్మ, ముసలి గురమ్మ చెత్త ఏరుతున్నారు. మోత ఒక్కసారిగా ఆగింది. జనం చేతులు పైకెత్తి ఎదురుచూశారు. అప్పుడు పడింది చావు దరువు, లారీడు బాక్సుల్లోంచి, గుండెలు అదిరేలాగా. జనం కేరింతలు కొట్టి ఎగిరారు. మూడో దెబ్బ ఆలస్యమైన ప్రతిసారీ ఇంకా ఎత్తు ఎగిరారు.

గురమ్మ బుట్ట కింద పెట్టింది. "ఎవురు పోయినారే?" అంది. జనరేటరు దగ్గరున్నవాళ్ళు, నీళ్ళ బాటిళ్ళు మోసేవాళ్ళు, కంచెకు కాపలా పెట్టిన పల్లె మగవాళ్ళు ఒక్కొక్కరే చేతిలోవి దించేసి గేటు బయటికి నడిచారు. ఎవరూ పిలవలేదు. చేతులకే తెలుసు.

గాలి ఆ మోతను మోయగలిగినంత మేరా మోసింది. కాసేపటికి మిరపచేలలోంచి ఆడవాళ్ళు, గనిలోంచి దుమ్ముతో మగవాళ్ళు, నాలుగు పల్లెల నుంచీ వచ్చారు. తలలకు చుట్టిన తువ్వాళ్ళు విప్పుకుని, ఎవరింట్లో, ఎవరింట్లో అని అడుగుతూ వచ్చారు. శవం ఎక్కడని వెతికారు. గేటు దగ్గర నిలబడ్డ ఇశ్రాయేలు అందరికీ ఒకటే జవాబు చెప్పాడు. "మా నాయన." పద్నాలుగేళ్ళ కిందే పోయినాడు గదా అని ఎవరో అనబోయి, బాక్సుల వైపు, లోపల ఎగిరేవాళ్ళ వైపు చూసి ఆగిపోయారు. తర్వాత గురమ్మ మట్టిలో కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకరు. చూస్తుండగానే రోడ్డంతా కూర్చుంది.

లోపలి నుంచి సెల్లులు లేచి వీడియోలు తీశాయి. ఇదీ ప్రోగ్రాములో భాగమే అనుకున్నారో ఏమో. జీపుల్లో పోలీసులు దిగారు. ఇంత మందిని ఎవరు పిలిచారని ఎస్సై గద్దించాడు.

"పిలిచేదేంది నాయనా, దెబ్బ ఇనబడింది. వచ్చినాము" అంది గురమ్మ. "అది ఆపిస్తే లేచి పోతాము."

మోత ఆపడానికి బదులు లాఠీలు లేచాయి. గురమ్మ మోచెయ్యి విరిగింది. జనాన్ని పోగేశాడని ఇశ్రాయేలును, రెచ్చగొట్టిందని లీదియాను జీపెక్కించారు. మగ్దలీనమ్మ జీపు వెనక పరిగెత్తింది, పడింది, లేచింది. చావు దరువు మళ్ళీ మొదటికొచ్చి మోగుతూనే ఉంది. ఆ దెబ్బను ఆపలేకపోయింది, మనిషిని ఆపలేకపోయింది. తప్పు చేసిన నోరు తనదైతే జైలు ఆయనకేందని రోడ్డు మధ్య కూలబడి ఏడ్చింది. ఊరి ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు.

సోమవారం ఇద్దరికీ రిమాండని తెలిసింది. పండగ ముగిసి పట్నంవాళ్ళు వెళ్ళిపోయారు. ఎక్కడో ఇంకో ఊళ్ళో ఇంకో పండగ. బాక్సులు ఎక్కించుకోవడానికి లారీలు వచ్చి నిలబడ్డాయి. తిప్పమీదపల్లె నుంచి ఒక్కరూ పనికి పోలేదు. ఈసారి మీటింగు కూడా పెట్టుకోలేదు. రంగనాయకులు కురిచేడు నుంచి ఆటోల్లో ఇరవై మంది కూలీలను దించాడు. గేటు ముందు మట్టిలో కూర్చున్న ఆడవాళ్ళను చూసి ఆ కూలీల మేస్త్రీ ఆగాడు.

"ఎవురు పోయినారమ్మా?"

"ఎవురూ పోలేదన్నా" అంది మగ్దలీనమ్మ. "మా చావులకు ఏడ్చే డప్పు దెబ్బ ఒకటుంది. దాన్ని ఈ బాక్సుల్లో ఏసి ఎగిరినారు. వద్దన్నందుకు మా మనుషుల్ని జైల్లో పెట్టినారు. ఆ బాక్సుల్లోనే ఉంది. మోసుకపోతే ఇంకో ఊళ్ళో మోగుతాది. మోస్తారో లేదో మీ ఇష్టం."

మేస్త్రీ బాక్సుల వైపు చూశాడు. తిరిగి పోవడానికి ఆ ఇరవై మంది దగ్గర ఆటో ఛార్జీ కూడా లేదు. అతను భుజం మీది తాడు తీసి కింద పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు. మిగిలినవాళ్ళూ కూర్చున్నారు. రంగనాయకులు అరిచాడు, బతిమాలాడు, ఆఖరికి చొక్కా చేతులు మడిచి డ్రైవరుతో కలిసి తనే ఒక బాక్సు పట్టాడు. అది జానెడు లేచి మళ్ళీ నేలకు దిగింది. దాన్ని లేపడానికి నలుగురు కావాలి. గేటు బయట వంద మంది కూర్చుని ఉన్నారు.