అట్టపెట్టెలో మ్యాచ్

మా నాన్నకి కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. నా కోపం సంగతి తెలియనివాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళెప్పుడూ నాకు టీవీ రిపేరుకి ఇచ్చి ఉండరు. మా ఇద్దరి మొండితనమూ ఒక్కచోట చేరితే మా అమ్మాయి అయింది.

టీవీ రిపేరు షాపు నాన్న పెట్టింది. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నాను, అమ్మాయి నా దగ్గర నేర్చుకుంది. మూడు తరాలు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయని ఆయన వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. అలాంటిది, పందొమ్మిదేళ్ళప్పుడు అది ఒకరోజు పొద్దున్నే సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టేసి, రేపటినుంచి షాపుకి రానని, హాకీ క్యాంపులో గోల్‌కీపర్‌గా తీసుకున్నారని చెప్పింది. నాన్న ఒంటికాలి మీద లేచాడు.

"ఊరందరికీ ఆటలు చూపించిన ఇల్లు ఇది. నువ్వు టీవీలో కనబడు, అప్పుడు మాట్లాడతా నీతో," అన్నాడు.

నోరు జారిన మాటే. కానీ మా ఇంట్లో జారిన మాటని వెనక్కి తీసుకునే అలవాటు ఎవరికీ లేదు. రెండేళ్ళు గడిచాయి. అది ఫోన్ చేస్తే చాలు, నాన్న లేచి వరండాలోకి వెళ్ళి చెప్పులు సర్దుకునేవాడు. ఆయనకున్నది ఒక్క జత చెప్పులు. తాతయ్య ఏం చేస్తున్నాడని అది అడిగేది, చెప్పులు సర్దుతున్నాడని నేను చెప్పేదాన్ని. ఇద్దరి మధ్యా నలిగి నా ప్రాణం విసిగిపోయింది.

ఈ ఏడు పెద్ద టోర్నమెంటులో మా అమ్మాయి టీములో మొదటి కీపర్‌కి మోకాలు పట్టేసింది. శనివారం మధ్యాహ్నం మ్యాచ్‌లో గోల్ దగ్గర నిలబడేది తనేనని అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఆ టోర్నమెంటు ఏటా మామూలు స్పోర్ట్స్ ఛానల్లోనే వచ్చేది. "తాతయ్యని టీవీ ముందు కూర్చోబెట్టమ్మా. నన్ను చూసి మాట్లాడతాడో మానతాడో తేలిపోవాలి," అంది. సరేనన్నాను.

నాన్నకి చెప్పాను. ఆ సాయంత్రం వెనకగదిలో తన పాత పిక్చర్ ట్యూబ్ టీవీ అద్దాన్ని తడిగుడ్డతో తుడుస్తూ కనబడ్డాడు. ఆ సెట్టు లోపలి భాగాలన్నీ ఆయన ఒక్కొక్కటిగా మార్చినవే. గోడకి తగిలించే పల్చటి టీవీలంటే ఆయనకి పడదు, వాటిని పలకలంటాడు.

గురువారం నాడు రిమోట్ పట్టుకుని ఆ ఛానల్ నంబరు నొక్కాడు. అందులో ఎవరో ఒకాయన కూరగాయలు తరిగే మిషను అమ్ముతున్నాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే మిషను, ఈసారి క్యారెట్టు. వాకబు చేస్తే తేలిందేమిటంటే, ఆ టోర్నమెంటు మొత్తాన్ని ఒక యాప్ కొనేసుకుంది. డబ్బు కట్టినవాళ్ళకే ఆట, టీవీలో రాదు.

ఒకప్పుడు పెద్ద మ్యాచ్ ఉందంటే నాన్న పొద్దున్నుంచీ డాబాల మీదే ఉండేవాడు. ఆయన పైన యాంటెనా తిప్పుతుంటే కింద కిటికీల్లోంచి జనం బొమ్మ వచ్చింది, పోయింది, ఆపు ఆపు అని అరిచేవాళ్ళు. ఆట గాల్లో ఉంటుంది, చెయ్యి తిరిగినవాడు పట్టుకొచ్చి ఇంట్లో పెడతాడు. ఆయన లెక్క అది. ఇప్పుడు ఆ ఆటకి ఎవరో తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నారు.

"టీవీలో రాదన్నమాట," అన్నాడు రిమోట్ కింద పెడుతూ. ఆ మాటలో ఉన్నది ఊరటో బాధో నాకు అర్థం కాలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"వస్తుంది. ఈ సెట్టులోనే వస్తుంది," అన్నాను.

అన్నాను కదా అని వెంటనే ఫోన్లో ఆ యాప్‌కి డబ్బు కట్టేశాను. అన్నిటికన్నా చవకైన ప్లాను చూసి మరీ కట్టాను. నలభై ఏళ్ళుగా టీవీలు విప్పుతున్నదాన్ని, ఒక్క నిమిషం ఆగి కింద చిన్నక్షరాలు చదవొద్దూ? శనివారం పొద్దున ఫోనుని సెట్టుకి కలిపే డబ్బా, వైర్లు అన్నీ బిగించి నొక్కితే, మీ ప్లాను ఫోనుకి మాత్రమేనని, టీవీకి పనికిరాదని తెర మీద పడింది. కస్టమర్ కేర్‌కి చేస్తే ఒకమ్మాయి తేనె పూసిన గొంతుతో, మార్చుకోవచ్చుగానీ కొత్త ప్లాను వచ్చే నెల నుంచి అమల్లోకి వస్తుందని చెప్పింది. ఫోన్లో చూస్తే బొమ్మ ఇంకా బాగుంటుందని సలహా కూడా ఇచ్చింది. ఆ పిల్ల తప్పేం లేదు కాబట్టి తిట్టకుండా పెట్టేశాను. నా జన్మలో అలాంటివి తక్కువ.

నాన్నకి ఫోన్ చూపిస్తే అరచేతిలో చీమలు పాకుతున్నట్టుంది అన్నాడు. చూపు ఆనదు, అది నిజం. పైగా ఫోను టీవీ కాదు, అది ఇంకో నిజం.

మ్యాచ్‌కి రెండు గంటలుంది. షాపులో తలపట్టుకుని కూర్చున్నాను. ఈమధ్య టీవీ రిపేర్లు తగ్గి, దుకాణాలకి సీసీ కెమెరాలు బిగించి బతుకుతున్నాం. ఎదురుగా బల్ల మీద పాతరకం వైరు కెమెరా ఒకటి పడి ఉంది. ఫోను నుంచి టీవీకి బొమ్మ పోకూడదంటున్నారు. ఫోన్ని చూడొద్దని కెమెరాకి ఎవరూ చెప్పలేదు కదా అనిపించింది.

కెమెరా వైరు తెచ్చి నాన్న సెట్టు వెనకాల పసుపు సాకెట్‌లో గుచ్చాను. ఫోన్ని బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టి, కెమెరాని పైనుంచి దాని మీదకి వంచాను. సెట్టులో గదిలోని బల్బూ, నా ముక్కూ కనబడ్డాయి. ఫోను అద్దం మీద వెలుతురు పడుతోందని ఒక ఖాళీ అట్టపెట్టె తెచ్చి, నెత్తిన బెజ్జం కోసి, ఫోన్ని అందులో పెట్టి కెమెరాని బెజ్జంలోంచి దించాను. బొమ్మ వచ్చింది, కానీ నీళ్ళలో ఉన్నట్టు మసకగా వచ్చింది.

నాన్న కుర్చీలోంచి అంతా చూస్తున్నాడు. సాయం చేస్తే ఒప్పుకున్నట్టవుతుందని భయం. కానీ మసక బొమ్మ కళ్ళెదురుగా ఉంటే ఆయన ప్రాణం ఊరుకోదు.

"లెన్సు కుడికి తిప్పు. కుడికి. నీకు కుడేదో నేను నేర్పలేదా?" అని, చివరికి ఆయనే వచ్చి నన్ను పక్కకి తోసి తిప్పాడు. మసక పోయింది. పచ్చటి మైదానం సెట్టు నిండా పరుచుకుంది. ఆయన ఏమీ ఎరగనట్టు వెళ్ళి కూర్చున్నాడు.

గోల్‌కీపర్ తల్లి కష్టం పగవాళ్ళకి కూడా వద్దు. బంతి అవతలి చివర ఉన్నంతసేపూ నా పిల్ల కనబడదు. కనబడిందంటే మా మీదికి ఎవరో దూసుకొస్తున్నారని అర్థం. రండమ్మా, రండి, అని నేను ఎదుటి టీముని మనసులో పిలుస్తూ కూర్చున్నాను. వచ్చారు. మొదటిసారి అది పక్కకి వాలి బంతిని కాలితో తన్నేసింది. రెండోసారి వచ్చి గోల్ కొట్టారు. మావాళ్ళు ఒకటి తిరిగిచ్చారు. చివరి పది నిమిషాల్లో వాళ్ళు ఇంకోటి వేశారు. ఈలోగా అది ఆపినవి ఏడు, వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టాను. నాన్న కుర్చీ మీద ముందుకి జరిగి, ఒక్కసారి మాత్రం తన కాలు తనకి తెలియకుండానే పక్కకి విసిరాడు. రెండు ఒకటితో ఓడిపోయారు.

ఆట అయిపోయింది. నేను ఆయన వైపు చూశాను. ఇప్పుడైనా పెదవి విప్పుతాడని నా ఆశ.

"నీకు దాని ముఖం కనబడిందా?" అన్నాడు.

నిజమే. ఆటంతా దాని తల మీద హెల్మెట్, ముఖానికి అడ్డంగా ఊచలు. లోపలున్నది మా పిల్లే అని నేను చెప్పాలి, ఆయన నమ్మాలి. నమ్మదలుచుకోనివాడికి అంతకన్నా మంచి సందు ఏం కావాలి? ఇంత చేసీ ఓడిపోయాననిపించింది. అది ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తెలియక సెట్టు ఆపేద్దామని లేచాను.

అప్పుడే గదంతా మోగేట్టు ఫోను రింగు పెట్టెలోంచి వచ్చింది. అమ్మాయి, వీడియో కాల్. పెట్టెలోకి చెయ్యి దూర్చి తడుముకుంటూ నొక్కాను. ఫోన్ బయటికి తీయబోతుంటే నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"కదపకు," అన్నాడు.

సెట్టులో మా అమ్మాయి ముఖం. ఫోను అడ్డంగా పడుకుని ఉంది కాబట్టి ముఖం కూడా అడ్డంగానే వచ్చింది. నుదుటికి అంటుకున్న జుట్టు, ఎర్రబడ్డ కళ్ళు, చుబుకం కింద హెల్మెట్ పట్టీ ఒరుసుకున్న గీత. నాన్న మెడ పక్కకి వంచి చూస్తున్నాడు.

"అమ్మా, అంతా చీకటిగా ఉందేంటి? ఎక్కడున్నావ్?" అంది. నేను నాన్న వైపు చూశాను. "సరే, మాట్లాడకు. నాకు తెలుసు. రెండో గోల్ నేను ఆపాల్సింది."

"దాన్ని ఎవడూ ఆపలేడు. మీ టీము పిల్లే నీకు అడ్డొచ్చింది," అన్నాడు నాన్న.

సెట్టులో ముఖం కదలడం మానేసింది. సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయిందేమోనని నేను వైరు వైపు చూశాను. వైరు బాగానే ఉంది. దాని కింది పెదవి వణుకుతోంది.

"తాతయ్యా?" అంది.

నాన్న నా చెయ్యి వదిలేసి, కుర్చీని సెట్టు దగ్గరికంటా లాక్కుని కూర్చున్నాడు.

"మొదటిది మాత్రం నీ తప్పే," అన్నాడు. "ఎందుకో చెప్తా, విను."