అమ్మ ఒప్పుకోదు

"ఏందమ్మా, గింత పొడి చేస్తున్నరు? బిల్డింగుకంతా పంచుతరా ఏంది?" అంది ఎల్లమ్మ, సింకులో గిన్నెలు తోముతూ.

పుణ్యవతి నవ్వింది. వేయించి చల్లార్చిన పప్పులు, ఎండుమిరపకాయలు మిక్సీలో తిప్పి సీసాలోకి ఎత్తుతోంది. శనివారం గండికోట ప్రయాణం. దారిలో ఇడ్లీల్లోకి ఈ పొడి, మనవరాలు రసజ్ఞకి సున్నుండలు, కోడలికి ఇష్టమని కాసిని జంతికలు. అక్కడ తిండి దొరకదని కాదు. పెళ్లయిన ఇన్నేళ్లలో కోడలు మొదటిసారి తనంతట తానుగా ఒక చోటికి వెళ్దామని ముచ్చటపడింది. అందులో తన చెయ్యి కూడా కాస్త ఉంటే బాగుంటుందని.

"శనారం, ఐతారం నన్ను రావొద్దన్నడు సారు. లిఫ్టుకాడ చెప్పిండు. దారిల యాగంటిల మీకేదో మొక్కున్నదంట గద."

"నాకా? మొక్కా?"

"మీకే. మా అమ్మ మొక్కు అన్నడు. ఏం మొక్కుకున్నరు, మనుమడు గావాల్ననా?" అని కిసుక్కున నవ్వింది ఎల్లమ్మ. "ఏమన్న గానీ, నాకు జర ప్రసాదం తేండ్రి."

"ఊరుకోవే, నీకన్నీ వేళాకోళాలే," అంది గానీ, సీసా మూత బిగిస్తున్న చెయ్యి ఆగింది. తాను యాగంటి పేరు వినడమే గానీ అక్కడ ఏం మొక్కుకుంది? ఎప్పుడు మొక్కుకుంది? ఎల్లమ్మ ఎవరింటి మాటో తెచ్చి ఇక్కడ కలిపిందేమో అనుకుని సర్దుకుంది.

కోడలు శ్రీలత హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తుంది. వారంలో రెండు రోజులు ఈ కొండాపూర్ ఫ్లాట్‌లోనే, పడకగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని పని. ఆమెతో కలిసి పనిచేసే అమ్మాయి ఎవరో అమెరికాలో ఎడారి మధ్య ఉన్న ఒక లోయకి వెళ్లి ఫొటోలు పంపిందట. ఎర్రటి రాళ్లు పొరలు పొరలుగా, మనిషి చీమలా కనిపించేంత లోతు. రసజ్ఞని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ ఫొటోలు చూపిస్తూ, "మనకీ ఉందే ఇలాంటిది, గండికోట దగ్గర పెన్న కోసుకుంటూ పోయిన లోయ. అంత దూరం పోనక్కర్లేదు," అనడం పుణ్యవతి చెవిన పడింది. ఆ సాయంత్రం కోడలి మొహంలో కనిపించిన వెలుగు ఆవిడ మర్చిపోలేదు. తర్వాత అనుకోవడం, మానుకోవడం రెండుసార్లు జరిగింది. ఎందుకు మానేశారంటే, "శ్రీలతకి సెలవు దొరకలేదమ్మా," అన్నాడు కొడుకు ఆదర్శ్. ఈసారి మాత్రం కోడలు ముందే అన్నీ చూసుకుంది. లోయ అంచున ఉండే గదులు, ఎక్కడ ఆగాలి, ఏ పూట ఎండ ఎలా ఉంటుంది, అన్నీ. "నువ్వూ రావాలమ్మా," అని ఆదర్శ్ అన్నప్పుడు పుణ్యవతికి చెప్పలేనంత సంబరమైంది. కానీ సరిగ్గా ఆ మర్నాటి నుంచే శ్రీలత మాట్లాడటం మానేసింది. కాఫీ ఇస్తే తీసుకుంటుంది, కప్పు తెచ్చి సింకులో పెడుతుంది, అంతే. ముసలిది వెంటపడిందని కోపం కాబోలు అనుకుంది పుణ్యవతి. అనుకున్నప్పటి నుంచీ మనసు ముడుచుకుపోయింది.

అందుకే ఎల్లమ్మ వెళ్లాక టీ పెట్టి పట్టుకెళ్లింది. శ్రీలత చెవుల మీంచి హెడ్‌ఫోన్ దించేదాకా గుమ్మంలోనే నిలబడింది.

"నేను రానులే అమ్మా. మీరు ముగ్గురూ వెళ్లి రండి. మీ సరదాలో నేనెందుకు?"

శ్రీలత తెర మీంచి కళ్లు తిప్పలేదు. "మీరు రాకపోతే ఎలా అత్తయ్యా? మొక్కు మీదేగా."

"నాకే మొక్కూ లేదమ్మా. ఇందాక ఎల్లమ్మా అదే అంది. ఎక్కడిదీ మాట?"

అప్పుడు తిరిగి చూసింది శ్రీలత. టేబుల్ సొరుగు లాగి, నెలసరి వాయిదా వేసే మాత్రల అట్ట తీసి మంచం మీద పడేసింది. "మరి ఇవెందుకు తెప్పించారు? శనివారం నాకు బయట చేరే రోజని మీకు తెలుసట. దంపతులం కలిసి అభిషేకానికి కూర్చుంటే గానీ మీ ప్రాణం కుదుటపడదట. ఇవాళ్టి నుంచి వేసుకోమన్నారట. క్రితంసారి నా కాలు ఏమైందో మీరూ చూశారు కదా అత్తయ్యా. అయినా తెప్పించారే!"

అప్పట్లో ఆ కాలు చూసింది పుణ్యవతి. ఈ ఇంటి గృహప్రవేశం అయిన వారానికి శ్రీలత ఎడమకాలు పిక్క దగ్గర రాయిలా గట్టిపడి వాచింది. రక్తం గడ్డకట్టిందన్నారు. ఆసుపత్రిలో పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లోకి వెళ్లేదన్నారు.

"కూర్చుని చేసే ఉద్యోగం వల్ల అలా అయిందన్నాడు వాడు."

"మాత్రల వల్ల. పీటల మీద కూర్చోవడానికి మింగిన మాత్రల వల్ల. జన్మలో మళ్లీ వేసుకోకూడదని డాక్టరమ్మ మా ఇద్దరికీ చెప్పింది. ఆయన నా పక్కనే కూర్చుని తలూపారు. ఆ ముహూర్తం మార్చడానికి మీరు ఒప్పుకోలేదనేగా నేను అవి మింగింది?"

"నేను ఒప్పుకోకపోవడమా?" అంది పుణ్యవతి. "పంతులుగారు పై వారంలో ఇంకో రోజు ఉందన్నారు. అదే పెట్టుకుందామన్నాను. నీకు ఆ వారం సెలవు లేదన్నాడు. నువ్వే వద్దన్నావన్నాడు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. లాప్‌టాప్‌లో ఎవరో శ్రీలత పేరు పిలుస్తున్నారు. ఆమె అది మూసేసింది.

"మా చెల్లెలి కూతురి పెళ్లికి వెళ్తానన్నప్పుడు, పిల్లని ఎవరు చూస్తారని నువ్వు గొడవ చేశావన్నాడు," అంది పుణ్యవతి మెల్లగా.

"ఆ పెళ్లి మాటే నాకు తెలీదు." అంది శ్రీలత. తర్వాత ఆమె మొహం మళ్లీ ముభావంగా మారింది. "మీరిప్పుడు ఇలా అంటున్నారు. ఆయన ఇంటికొచ్చాక ఏమంటారో. నాకు పనుంది అత్తయ్యా."

పుణ్యవతికి కోపం రాలేదు. ఇన్నేళ్లుగా తన గొంతుతో ఎవరో మాట్లాడుతూ ఉంటే, ఇవాళ ఒక్కసారి సొంతంగా మాట్లాడితే నమ్మమంటే ఎలా నమ్ముతుంది?

ఆదర్శ్ వచ్చేసరికి రసజ్ఞ కింద పిల్లలతో ఆడుకుంటోంది. శ్రీలత గది తలుపు వేసే ఉంది. ఇడ్లీలు పెట్టి, పొడి వేసి, నెయ్యి వేసి, ఎదురుగా కూర్చుంది పుణ్యవతి.

"నేనెప్పుడు మొక్కుకున్నానురా?"

అతను తడబడతాడనుకుంది. తడబడలేదు. ఇడ్లీ తుంచి పొడిలో అద్దుకుంటూ, "ఓ, అదా," అన్నాడు. "ఆఫీసులో రోజుకొకణ్ణి పంపించేస్తున్నారమ్మా. నా పేరు ఎప్పుడొస్తుందో తెలీదు. యాగంటిలో దంపతులు కలిసి అభిషేకం చేయించుకుంటే మంచిదని ఒకాయన చెప్పాడు. నా కోసమంటే శ్రీలత నవ్వుతుంది. నీ కోసమంటే ఎదురు చెప్పదు. అంతే."

"అంతేనా? దాని కాలు వాచినప్పుడు డాక్టరు నీతో ఏం చెప్పింది?"

"ఒకసారి జరిగిందని ప్రతిసారీ జరుగుతుందా? రెండు మూడు రోజులేగా. అందరి ఆడవాళ్లూ వేసుకుంటున్నారు. నీ పేరు చెప్తే నీకేం పోయిందమ్మా? ఇంట్లో నీ మాటంటే ఎంత గౌరవమో చూడు."

"గౌరవం కాదురా. అది నన్ను చూసి మొహం తిప్పుకుంటోంది."

"అత్తా కోడళ్లన్నాక అవన్నీ మామూలే," అని ఇంకో ఇడ్లీ వేసుకున్నాడు. "పొడి అదిరిందమ్మా."

పుణ్యవతి కొడుకు మొహంలోకి చూసింది. దొరికిపోయానని కూడా అతనికి అనిపించడం లేదు. గోడ మీద స్విచ్ నొక్కినట్టు ఇన్నాళ్లూ అమ్మని నొక్కాడు. స్విచ్‌కి నొప్పేమిటి? చిన్నప్పుడు జ్వరమొస్తే రాత్రంతా తన కొంగు పట్టుకు వదలని పిల్లాడు. ఆ కొంగు చాటునే నిలబడి ఇవాళ ఇంకో ఆడపిల్ల ప్రాణం మీదికి తెచ్చాడు. తాను అడ్డుగా నిలబడినట్టు తనకే తెలియకుండా చేశాడు.

ఎంగిలి కంచం తీస్తుంటే ఉన్నట్టుండి అత్తగారు గుర్తొచ్చారు. కాపురానికొచ్చిన కొత్తలో పుణ్యవతి భర్త సుబ్రహ్మణ్యాన్ని, "నాకు చదవడం నేర్పుతారా అండీ," అని అడిగింది. "నాకేం అభ్యంతరం లేదు, మా అమ్మ ఒప్పుకోదు," అన్నాడాయన, జాలిగా. ఆ జాలికి కరిగిపోయి, ఆయన్ని నెత్తిన పెట్టుకుని, ఆ తప్పంతా అత్తగారి ఖాతాలో వేసింది. ఆయన పోయాక, మనవరాలు బడికి వెళ్లే వయసొచ్చాక, దాని పక్కన కూర్చుని అ ఆలు దిద్దుకుంది. అంతకు చాలా ముందు, అత్తగారు మంచాన పడ్డ రోజుల్లో ఒక మధ్యాహ్నం, "నీకు రెండక్షరాలు వచ్చుంటే నాకేదైనా పురాణం చదివి పెట్టేదానివి కదే," అంది. చదవనివ్వనిదీ తనే, ఇప్పుడు దెప్పేదీ తనే అనుకుని పుణ్యవతి మాట్లాడకుండా లేచి వెళ్లిపోయింది. దెప్పడం కాదేమో. ఆవిడకి నిజంగానే వినాలనిపించిందేమో. ఆవిడ ఒప్పుకోలేదని చెప్పిందెవరు? సుబ్రహ్మణ్యం. ఆవిడని అడిగిందెవరు? ఎవరూ లేరు. ఒకే కప్పు కింద పద్దెనిమిదేళ్లు ఇద్దరాడవాళ్లు, మధ్యలో ఒక మంచి మగవాడు.

ఆదర్శ్ చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్లాడు. తలుపు పూర్తిగా పడలేదు. ఇప్పుడైనా నిజం చెబుతాడని, కంచం చేతిలో పట్టుకునే నిలబడింది పుణ్యవతి.

"యాగంటీ వద్దు, గండికోటా వద్దు. ఈసారికి మానేద్దాం లతా," అంటున్నాడు లోపల. "అమ్మ ప్రయాణం చెయ్యలేనంటోంది. మోకాళ్లట."

పుణ్యవతి కంచం సింకులో పెట్టింది. చేతులు తుడుచుకుంది. వాళ్లిద్దరూ లోపలుండగా ఆ తలుపు ఎప్పుడూ తోయలేదు. ఇవాళ తోసింది.

"నా మోకాళ్లు బాగానే ఉన్నాయి శ్రీలతా."

"అమ్మా, మేం మాట్లాడుకుంటున్నాం," అన్నాడు ఆదర్శ్.

"నా మాటలే కదరా మాట్లాడుకుంటున్నారు. అందుకే వచ్చాను."

శ్రీలత మంచం మీద కూర్చుని ఉంది. మాత్రల అట్ట ఆమె అరచేతిలో ఉంది, ఇంకా చింపలేదు. అత్తగారిని తేరిపార చూసింది.

"నేను బెంగుళూరు ఉద్యోగం మానుకున్నది మీరు అక్కడికి రానన్నారని. అన్నారా?"

"నాకా సంగతే తెలీదు."

"లతా, ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు ఆదర్శ్. ఆమె అతని వైపు చూడలేదు.

"నేను రాత్రి షిఫ్టు చేస్తే మీకు నామోషీ అన్నది?"

"ఆ మాట నాది కాదు."

"మా అమ్మ ఇక్కడ నాలుగు రోజులుంటే మీకు పడదన్నది?"

పుణ్యవతి ఆగింది. కాదనేస్తే సరిపోయేది. కోడలి కళ్లు ఆ మాట కోసమే చూస్తున్నాయి.

"అది మాత్రం నాదే," అంది. "మీ అమ్మగారు వచ్చీ రాగానే నా వంటింట్లో డబ్బాలన్నీ మార్చేస్తారు. ఉప్పెక్కడుందో నాకే తెలియకుండా చేస్తారు. నాకు పడదు. కానీ ఆవిడని రావద్దని నేను అనలేదు."

శ్రీలత అట్టని అలాగే ఆదర్శ్ చేతిలో పెట్టి, "నేను వేసుకోను. శనివారం కారు నేను తీస్తాను, తిన్నగా గండికోటకే. నువ్వు వచ్చేదీ రానిదీ నువ్వే తేల్చుకో," అంది.

ఆదర్శ్ అలవాటుగా తల్లి మొహంలోకి చూశాడు. పుణ్యవతి కోడలినే చూస్తోంది.

శ్రీలత మంచం మీద ఒక పక్కకి జరిగింది.

"కూర్చోండి అత్తయ్యా. మిమ్మల్ని ఇంకా చాలా అడగాలి."