రెండు పదునులు

మా తమ్ముడి కూతురూ అల్లుడూ ఒకేరోజు ఆఫీసు ఉద్యోగాలు మానేసి, రెండు సూట్‌కేసులతో మా ఇంటిముందు దిగినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఏసీ గదిలో కూర్చుని టకటకా కొట్టుకునేవాళ్లకు సేద్యమేమిటి? పైగా నా మోకాళ్లు మొరాయించాక మాకున్న నాలుగెకరాల నల్లనేలనూ ఇటుకబట్టీ ఆసామికి ఇచ్చేద్దామని అప్పటికే అనుకున్నాం. అతను పైమట్టి తవ్వుకుపోతే ఇక అక్కడ గడ్డి కూడా మొలవదు. ఆ సంగతి నాకు తెలియక కాదు, ఓపిక లేక.

"ఒక్క పంట వేసి చూడనివ్వండి పెదనాన్నా" అంది అమ్మాయి.

"ఒక్కటంటే ఒక్కటే. శనగ వెయ్యండి. మొలక సరిగ్గా రాలేదో, చేను బట్టీకి, మీరు మీ కుర్చీలకి" అన్నాను. నేను మాటంటే మాటే.

సరిగ్గా ఆఖరి వాన పడ్డ వారంలోనే నాకు కంటి ఆపరేషన్ వచ్చిపడింది. ఆస్పత్రి నుంచి ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పాను. "పదును చూసుకుని విత్తండి. పదును పోయిందంటే ఇక చేసేదేం లేదు."

"మీరు నిశ్చింతగా ఉండండి. పదును సంగతి మేం చూసుకుంటాం" అంది.

ఐదోరోజు నల్లకళ్లద్దాలతో ఇల్లు చేరాను. చుట్టుపక్కల అందరూ విత్తేశారు. మా చేను బోడిగా ఉంది. వసారాలో మాత్రం విత్తే గొర్రు తాలూకు ఇనప కర్రులన్నీ వరుసగా పేర్చి ఉన్నాయి, తళతళలాడుతూ. కమ్మరి కొలిమి దగ్గర మూడు రోజులు పడిగాపులు పడి మరీ సాన పట్టించారట.

"ఇంత పదును ఎప్పుడైనా చూశారా పెదనాన్నా?" అంది, మెచ్చుకుంటాననుకుని.

నేను నెత్తి కొట్టుకున్నాను. "పదునంటే కర్రుకు కాదే తల్లీ, నేలకు. విత్తనం మొలవడానికి మట్టిలో ఉండాల్సిన తడి. ఈ ఎండలకు అది కాస్తా ఎగిరిపోయింది."

"కమ్మరి కూడా 'పదునుకేనా?' అని అడిగాడండీ. 'అవును, పదునుకే' అన్నాం" అన్నాడు అల్లుడు నేలచూపులు చూస్తూ.

వంటింట్లో మా ఆవిడ పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బట్టీ ఆసామికి ఫోన్ చేసి, వీలు చూసుకుని కొలతలకు రమ్మన్నాను.

అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఆ తడి ఎంత ఉండాలి?" అని అడిగింది.

"పిడికిట్లో పట్టి నొక్కితే ఉండ కట్టాలి. కింద పడేస్తే పగలాలి. ముద్దగా ఉన్నా దండగే, పొడిగా రాలినా దండగే."

ఇద్దరూ గునపం పట్టుకుని చేలోకి వెళ్లారు. మధ్యాహ్నం ఒళ్లంతా దుమ్ముతో తిరిగొచ్చారు. అమ్మాయి నా అరచేతిలో ఇంత మట్టి పెట్టింది. నొక్కాను, ఉండ కట్టింది. కింద పడేశాను, నాలుగు ముక్కలైంది.

"ఎక్కడిదిది?"

"మన చేలోదే. బెత్తెడు లోతున అంతా ఇలాగే ఉంది. ముప్పై చోట్ల తవ్వి చూశాం."

"అంత లోతుకు గొర్రు దిగదమ్మా. ఎండిన పెచ్చు మీద జారిపోతుంది. నలభై ఏళ్లుగా చూస్తున్నాను."

"మీ మొద్దు కర్రులు దిగవు పెదనాన్నా. ఇవి దిగుతాయి."

ఒక కర్రు అంచును వేలితో తడిమి చూసి, "సరే, కానివ్వండి" అన్నాను. అల్లుడు ట్రాక్టరెక్కాడు. నేను గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. కర్రులు పైపెచ్చును కోసుకుంటూ సరిగ్గా బెత్తెడు దిగాయి. వెనకాలే నల్లటి తడిమట్టి పైకి తేలింది. పొద్దుగూకేలోపు నాలుగెకరాలూ పూర్తయ్యాయి.

తర్వాత చూడాలి నా అవస్థ. పక్క చేలన్నీ అప్పటికే పచ్చబడ్డాయి, మాది ఉలకదు పలకదు. ఎనిమిదో రోజుకీ ఏమీ లేదు. అమ్మాయి రోజూ చేలో మోకాళ్ల మీద కూర్చుని నేలకేసి చూసేది. నాకు ముద్ద దిగేది కాదు. వీళ్లు ఓడిపోతారని కాసుక్కూర్చున్నవాణ్ణి, ఎప్పుడు వీళ్ల పక్షం చేరానో నాకే తెలియదు.

పదకొండో రోజు పొద్దున్నే బట్టీ ఆసామి టేపు పట్టుకుని దిగాడు. చేసేదేముంది, వెంటబెట్టుకుని బయల్దేరాను. గట్టెక్కగానే కాళ్లు ఆగిపోయాయి. ఈ చివర నుంచి ఆ చివరి దాకా గీత గీసినట్టు పచ్చటి సాళ్లు. ఆ చివర మొగుడూ పెళ్లాలిద్దరూ చిన్నపిల్లల్లా గంతులేస్తున్నారు. కంట్లో తడి తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. వినలేకపోయాను.

"మరి మట్టి ఎప్పుడు తవ్వుకోమంటారు?" అన్నాడు ఆసామి.

"తవ్వేది లేదు. చేను వాళ్లది" అన్నాను.

అతను టేపు చుట్టుకుంటూ సణిగాడు. "నిన్నగాక మొన్న వచ్చారు. సేద్యం గురించి వాళ్లకేం తెలుసండీ?"

"పదును తెలుసయ్యా" అన్నాను. "రెండు రకాలూ తెలుసు. నాకు ఈ వయసుదాకా ఒకటే తెలుసు."