పచ్చనీళ్ళు తేటపడేదాకా

తిబో సీసాలోని పచ్చటి నాచునీళ్ళు గాజుగిన్నెల్లోకి వంపుతున్నాడు. ఒక్కో గిన్నెలో ఒక్కో ఆల్చిప్ప. చివరి గిన్నెలో మాత్రం ఏమీ లేదు, ఉత్త నాచునీళ్ళే. ఏ ఆల్చిప్ప ఎంత వడగట్టిందో తెలియాలంటే, ఎవరూ ముట్టని నీళ్ళు కూడా పక్కన ఉండాలి. వంపడం అయ్యాక గోడవారగా ఉన్న పొట్టి స్టూలు మీద కూర్చుని కదలకుండా ఉండిపోయాడు. గిన్నె మీద మనిషి నీడ పడితే చాలు, అవి టక్కున మూసుకుంటాయి. మూసుకున్న ఆల్చిప్ప తినదు, తాగదు. మళ్ళీ దానికి బుద్ధి పుట్టేదాకా బతిమాలినా లాభం లేదు.

నల్లగా, బక్కపలచగా ఉంటాడు. ఉప్పునీళ్ళలో నాని నాని వేళ్ళ కొసలు ఎప్పుడూ ముడతలు పడి ఉంటాయి. సమర్ దీవిలో అఖాతం ఒడ్డున ఉన్న ఈ ప్రయోగశాలలో అతని ఉద్యోగం పేరు సహాయకుడు. చేసేది ఆల్చిప్పలకు మేత వేయడం. తల నెరిసేదాకా అదే పని. భార్య ఇసియాంగ్ వీధంతా వినేలా ఎగతాళి చేసేది. "మా ఆయన ఆల్చిప్పల దాది! నేను జ్వరమొచ్చి పడుకుంటే గంజి కాచడం చేతకాదు గానీ, వాటికి మాత్రం వేళకి బువ్వ!" అనేది. తిబో తల గోక్కుని నవ్వేవాడు.

ఆ ఇసియాంగ్ నిన్న సాయంత్రం నుంచి ఊరి ఆసుపత్రిలో వేలు కూడా కదపలేక పడి ఉంది.

అఖాతంలో ఎర్రనీళ్ళు వచ్చాయి. ఎర్రనీళ్ళంటే విషపు నాచు. ఆల్చిప్పలు దాన్ని కమ్మగా తింటాయి, వాటికి చీమ కుట్టినట్టయినా ఉండదు. వాటిని తిన్న మనిషికి మొదట పెదవులు తిమ్మిరెక్కుతాయి, తర్వాత చేతులు, కాళ్ళు, చివరికి ఊపిరి. ఎవరూ కోయకూడదని రేవులో మైకు పెట్టి చెప్పారు. అయినా పక్కింటి కోరింగ్ నీళ్ళలో ఆల్చిప్పలు పెంచే తన వెదురు గుంజల మీంచి ఒక బుట్టెడు కోసుకొచ్చింది. కొబ్బరికల్లు వెనిగర్ పోసి ఉడికిస్తే విషం విరిగిపోతుందని ఆ ఒడ్డున తాతల నాటి నమ్మకం. ఇక్కడ పక్కగదిలో ఆల్చిప్ప మాంసంలోంచి విషాన్ని బయటికి లాగాలంటే పులుపు పోసే ఉడికిస్తారు; విషం విరగదు, పులుసులోకి దిగుతుందంతే. తిబో ఆ మాట ఇంట్లో చెప్పని రోజు లేదు. "నీ చిప్పల చదువు నా వంటింట్లోకి తేకు" అని ఇసియాంగ్ నవ్వేసేది. ఆమె వంటింట్లోనే ఇద్దరూ వండుకుని తిన్నారు. కోరింగ్ పెదవి తిమ్మిరెక్కగానే వదిలేసింది. ఇసియాంగ్‌కి ఆకలి ఎప్పుడూ ఎక్కువే.

కబురు తెలిసి తిబో ఇక్కడి నుంచే పరుగెత్తాడు. ఆసుపత్రిలో ఊపిరి ఆడించే యంత్రం ఒక్కటే ఉంది, అది అప్పటికే వేరే మనిషి దగ్గర ఉంది. ఇసియాంగ్ గొంతులోకి గొట్టం వేసి, దానికి ఒక రబ్బరు తిత్తి తగిలించి, ఎలా ఒత్తాలో నర్సు చూపించింది. ఒత్తితే ఊపిరి లోపలికి, వదిలితే బయటికి. ఆ ఊళ్ళో ఎవరి రోగికి వాళ్ళ వాళ్ళే ఒత్తుకోవాలి. తిబో, కూతురు మర్లీ, కోరింగ్ వంతులు వేసుకున్నారు. తెల్లారేసరికి తండ్రి ఒత్తే లయ తప్పడం చూసి మర్లీ తిత్తి లాక్కుని కసిరింది. "నువ్వు కాసేపు పో నాన్నా. ఎదురుగా నిలబడి నన్నే చూస్తుంటే నాకు చేతులు ఆడట్లేదు."

ఎక్కడికి పోవాలో తెలియక ఇక్కడికి వచ్చాడు.

ప్రయోగశాల శాస్త్రవేత్త డాక్టర్ అబెనీస్ తలుపు సందులోంచి తల పెట్టి, అడుగుల చప్పుడు కాకుండా లోపలికి వచ్చింది. వయసులో చిన్నది. అతన్ని మనో అంటుంది, పెద్దన్నని పిలిచినట్టు.

"మనో, ఇవాళ ఎందుకొచ్చారు?" అంది గుసగుసగా.

"వీటికి మేత ఎవరు వేస్తారు మేడం?"

ఆమె పక్కనే నేలమీద చతికిలబడింది. తిబో గిన్నెల వైపే చూస్తూ అడిగాడు. "ఇవి కూడా ఎర్రనీళ్ళు తాగినవే కదా. మంచినీళ్ళల్లో పెట్టి మంచి మేత వేస్తే విషం దిగిపోతుంది కదా. మరి మనిషికో?"

"మనిషికి వీటికంటే తొందరగా దిగుతుంది మనో. దానంతటదే పోతుంది. అందాకా ఊపిరి ఆగకూడదు, అంతే."

"మందేమీ లేదా?"

"లేదు మనో."

ఇంతలో మొదటి గిన్నెలో ఆల్చిప్ప సన్నగా నోరు తెరిచింది. లోపలి అంచు కుచ్చులా బయటికి వచ్చింది. ఒక్కొక్కటే మిగతావీ తెరుచుకున్నాయి. పచ్చటి నీళ్ళు కంటికి తెలియకుండా పలచబడుతూ, చివరికి గిన్నె అడుగున గీసిన గీత కనిపించేంత తేటగా అయ్యాయి. ఎన్నోసార్లు చూసిందే. అయినా ఇవాళ అతనికి వాటి మీద ఒళ్ళు మండింది. విషం తిని హాయిగా ఉన్నాయి, ఎవరూ తిత్తి ఒత్తకుండానే బతుకుతున్నాయి. గిన్నె ఎత్తి గోడకు కొట్టాలనిపించింది. కొట్టలేదు. నీళ్ళు మార్చి, మళ్ళీ మేత వేసి, చేతులు కడుక్కుని ఆసుపత్రికి నడిచాడు.

తిత్తి కోరింగ్ చేతుల్లో ఉంది. మంచం పక్కన నల్లబెల్లం కలిపిన కొబ్బరిపాల గిన్నె. విషానికి అదే విరుగుడని ఆవిడ పట్టు.

"ఒక్క చుక్క నాలిక మీద వేస్తానంటే ఆ నర్సుపిల్ల నన్ను కరిచినంత పని చేసింది తిబో! గొట్టం ఉంటే పాలు దిగవట. వీళ్ళకేం తెలుసు?" అంది. అంటూనే భోరుమంది. "బుట్ట తెచ్చిన నేను గుండ్రాయిలా ఉన్నాను. నన్ను తిట్టు. ఒక్క మాటైనా తిట్టు."

కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. "పక్కకి జరుగు కోరింగ్" అని తిత్తి అందుకున్నాడు.

ఇసియాంగ్ కళ్ళు ఎండిపోకుండా నర్సు రెప్పల్ని అంటుపట్టీలతో మూసింది. కదలలేదు గానీ అన్నీ వినపడుతుంటాయని చెప్పారు. అందుకని తిబో మాట్లాడుతూ ఒత్తాడు. "నీళ్ళు తేటపడ్డాయే. మేడం చెప్పింది, మనిషికి ఇంకా తొందరగా దిగిపోతుందట. నువ్వు లేచాక గంజి నేనే కాస్తాను. నవ్వితే నవ్వుకో." ఒత్తడం, వదలడం. ఛాతీ లేవడం, పడటం. కిటికీలో ఇంకా ఎండ ఉంది. ఛాతీ చక్కగా లేస్తూనే ఉంది కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాడు.

నర్సు వచ్చి మణికట్టు పట్టుకుంది. తర్వాత మెడ దగ్గర పట్టుకుని చూసింది. డాక్టరును పిలిచింది. ఆయన వచ్చి, చూసి, తిబో చేతుల మీద చెయ్యి వేశాడు.

"ఇక చాలు తాతా. గుండె ఆగిపోయింది."

"ఊపిరి ఆడుతోంది కదండీ" అన్నాడు తిబో.

"అది మీరు ఒత్తుతున్నది."

అయినా మరో రెండుసార్లు ఒత్తి, అప్పుడు వదిలేశాడు.

ఆమెకి తొడగడానికి మంచి గౌను కావాలని మర్లీ అంటే, ఇంటికి తనే వెళ్ళాడు. నిన్న పొద్దున్న పనికి బయల్దేరాక ఆ గడప తొక్కడం ఇదే. పొయ్యిలో బూడిద చల్లారి ఉంది. బల్ల మీద అతని కంచం, దాని మీద మూతగా మరో కంచం బోర్లించి ఉంది. తీశాడు. ఎండిపోయిన అన్నం, పక్కన ఆల్చిప్పల మాంసం, పైన తుంచి వేసిన పచ్చిమిరపకాయ. పగలంతా చిప్పలతో వేగి వచ్చేవాడికి వలుచుకునే పని ఉండకూడదని ఒక్కొక్కటే వలిచి పెట్టింది. ఏరి ఏరి పెద్దవన్నీ ఆ కంచంలోనే ఉంచింది.