పుస్తెల నీడ

నల్లని తెర మీద రెండు తెల్లని బిళ్లలు.

పక్కనే పూసల వరుస. వాటి వెనక ఏముందో కనబడదు.

రమ్యకు ఆ బొమ్మ కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. జనవరిలో, కేసముద్రం మార్కెట్ యార్డులో, పత్తి బస్తాల పక్కన ఆగిన బస్సులో తనే తీసింది. రొమ్ము క్యాన్సర్ పరీక్షల బస్సు అది. మెషీన్ ఉంటుంది, దాన్ని నడిపే రమ్య ఉంటుంది. డాక్టరు ఉండడు. బొమ్మలు హైదరాబాద్ పోతాయి... అక్కడెవరో కూర్చుని చూస్తారు. నాలుగో రోజుకు జవాబు వస్తుంది. అప్పటికి బస్సు ఏటూరునాగారంలో ఉంటుంది.

ఆ రోజు గాలి నిండా పత్తి. బస్సు మెట్ల మీద, రమ్య జుట్టులో, మొగిలమ్మ కొంగులో.

మొగిలమ్మ యార్డులో రాలిన పత్తి ఊడుస్తుంది. ఆమె భర్త రాజమల్లు అక్కడే హమాలీ.

"మెడల ఉన్నయి తియ్యాలె అమ్మా," అంది రమ్య.

"పుస్తెలా? మా ఆయన పానంతోని ఉండంగ ఎట్ల తీస్త బిడ్డా? గది తప్ప ఏమన్న చెప్పు."

తీయకపోతే పరీక్ష చేయనని చెప్పాలి. అది రూలు.

రమ్య చెప్పలేదు.

ముందు నెల డోర్నకల్‌లో చెప్పింది మరి. అక్కడి ఆడవాళ్లు మొహం ముడుచుకున్నారు. పోతూ పోతూ ట్యాబ్ మీద ఏడుపు మొహం నొక్కారు. పరీక్షయ్యాక అందరూ నొక్కాలి — ఐదు మొహాలు, ఏడుపు నుంచి నవ్వు దాకా. పైవాళ్లు చూసేది వాటినే. తృప్తి శాతం పడిపోయిందని పై అధికారి హరికృష్ణ సార్ ఫోన్ చేశాడు. తిట్టలేదు. మెత్తగానే అన్నాడు. "వాళ్లను నొప్పియ్యకు రమ్యా. జర నవ్వుకుంట చెయ్యి."

నవ్వుకుంటూనే చేసింది.

"సరే అమ్మా, ఎనకకు ఏసుకో."

మొగిలమ్మ పుస్తెలతాడు వీపు మీదికి వేసుకుంది. చల్లని పలక ఒత్తగానే ముందుకు వంగింది. తాడు జారింది... ఎడమ రొమ్ము మీదికి. రమ్య బొమ్మలో చూసింది కూడా. మళ్లీ ఒత్తితే నొప్పి. నొప్పయితే ఏడుపు మొహం. బయట వరుస పెరుగుతోంది. వదిలేసింది.

మొగిలమ్మ నవ్వు మొహం నొక్కింది. "మంచిగ చేసినవ్ బిడ్డా. నా పుస్తెల జోలికి రాలే."

నాలుగో రోజు జవాబు వచ్చింది. ఎడమ వైపు నగ అడ్డం వచ్చింది, వరంగల్ పిలిపించి మళ్లీ తీయాలి.

కాగితంలో ఉన్న నంబరు రాజమల్లుది.

"ఏమన్న ఉందా బిడ్డా?" అన్నాడాయన.

"ఏం లేదు బాపు. ఒక బొమ్మ సరిగ రాలే. అమ్మను జర వరంగల్ తోల్కరా."

"పత్తి ఒడిసినంక తోల్కస్త."

పుస్తెలు అడ్డం వచ్చాయని చెప్పలేదు రమ్య. తప్పు తనదనీ చెప్పలేదు. 'ఏం లేదు' అన్న మాటే ఆయన చెవిలో మిగిలి ఉంటుంది. మళ్లీ ఫోన్ చేయాల్సింది. చేయలేదు.

ఆ నెల కేసముద్రంలో తృప్తి తొంభై ఎనిమిది శాతం. హరికృష్ణ సార్ వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టాడు.

పత్తి ఒడిసింది. ఎండలు ముదిరాయి. వానలు పడ్డాయి.

మళ్లీ పత్తి వచ్చింది.

నవంబరులో, అదే యార్డులో, మొగిలమ్మ బస్సు ఎక్కింది. బాగా చిక్కిపోయింది. రమ్య చూపు ముందు ఆమె మెడ మీదికే పోయింది.

మెడ బోసిగా ఉంది.

"వైశాఖంల పోయిండు బిడ్డా. బస్తా మోసుకుంట మోసుకుంటనే కూలవడ్డడు. ఎండదెబ్బ అన్నరు."

మొగిలమ్మే పలక దగ్గరికి జరిగింది.

"నువ్వు తియ్యమన్నయి ఇప్పుడు లెవ్వు. మంచిగ చూడు."

రమ్య చూసింది.

పూసలు లేవు. బిళ్లలు లేవు. అవి ఉన్న చోటే — పగిలిన పత్తికాయలా అంచులు చీలి, తెల్లగా...

రమ్యకు తెలుసు. కానీ చెప్పకూడదు. చెప్పాల్సిన డాక్టరు మొగిలమ్మ మొహం ఎప్పుడూ చూడడు. తను చూస్తోంది. పది నెలలు... నా చేతులారా పది నెలలు, అనుకుంది.

"ఏమన్న ఉందా బిడ్డా?"

అదే మాట. రాజమల్లు అడిగిన మాటే.

ఈసారి 'ఏం లేదు' అనలేకపోయింది. ఉందనీ అనలేకపోయింది. "నాలుగొద్దులల్ల చెప్తరమ్మా. ఈసారి నేనే ఇంటికొస్త," అంది.

"నువ్వెందుకు బిడ్డా గంత దూరం," అంటూ మొగిలమ్మ ట్యాబ్ అందుకుంది. ఎవరూ చూపించకుండానే నవ్వు మొహం నొక్కింది.

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. బొమ్మ హైదరాబాద్ పోతూనే ఉంది... సిగ్నల్ అందక ఆగుతూ, మళ్లీ కదులుతూ. తెరిచిన తలుపులోంచి పత్తి పింజలు ఎగిరొచ్చి తెర మీద వాలాయి. రమ్య కొంగుతో తుడిచింది.

నల్లని తెర మీద ఒక్క తెల్లని మచ్చ.

మళ్లీ తుడిచింది.