సోమవారం మాత్రమే పెరిగే వయసు

పొద్దున్న ఎనిమిదికి బస్సు బయలుదేరుతుంది. గడియార స్తంభం, పాత కోట, మ్యూజియం, ఆ తర్వాత భోజనాలు, మూడింటికి ఆదిమ అడవి, చీకటి పడకముందే వాపసు. స్టీరింగు దగ్గర మొగుడు, మైకు పట్టుకుని పెళ్ళాం. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. సోమవారం సెలవు.

అడవి గేటు దగ్గర ఒక బోర్డుంది. చెత్త వేయరాదు, కొమ్మలు విరవరాదు, లోపలికి వెళ్ళిన రోజు వయసులో కలవదు. జనం అది చదివి, చెత్తబుట్ట ఎక్కడుందని అడుగుతారు. ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళకు ఒక్క రోజు మిగిలితే ఎంత, మిగలకపోతే ఎంత. కానీ ఎర్రజెండా పట్టుకుని రోజూ వాళ్ళను లోపలికి తీసుకెళ్ళే గైడుకు మాత్రం సోమవారాలు తప్ప వయసు పెరగలేదు. పెళ్ళినాటికి ఆమెకు ఇరవై మూడు, ఆయనకు ఇరవై అయిదు. ఇప్పుడు ఆయనకు నలభై ఏడు, ఆమెకు ఇరవై ఆరు.

డ్రైవరు బస్సు వదిలి కదలకూడదన్నది కంపెనీ రూలు. అందుకని ఆయన రోజూ గేటు బయట ఎండలో కూర్చుని, ఒక్క రోజు కూడా తగ్గకుండా ముసలివాడవుతూ వచ్చాడు. మొదట్లో పెళ్ళాం అందం చూసి మురిసిపోయాడు. జుట్టు పలచబడ్డాక కడుపుమంట మొదలైంది. ముందు అడవి మీద, తర్వాత ఆమె మీద, ఆ తర్వాత ఆమెతో నవ్వుతూ మాట్లాడిన ప్రతి ప్రయాణికుడి మీద.

ఒకరోజు మెడలో కెమెరా వేసుకున్న ఇంజినీరొకడు ముందు సీటులోంచి వంగి, "మీ అమ్మాయికి పెళ్ళయిందా అంకుల్?" అని అడిగాడు.

"అయింది. అల్లుడు మంచివాడు కాదు," అన్నాడు డ్రైవరు.

అది చాలదన్నట్టు, ఆరు నెలలుగా ఆమె సోమవారాలు పదింటికి బయటికెళ్ళి మధ్యాహ్నానికి వస్తోంది. ఎక్కడికంటే పనుందంటుంది. వచ్చినప్పుడు చీరకు డీజిలు వాసన. ఆ వాసన ఆయనకు తెలియనిదా? అవతలి కంపెనీలో కొత్తగా చేరిన డ్రైవరు గుర్తొచ్చాడు. ఒత్తైన జుట్టు, ఎప్పుడూ ఈల వేస్తుంటాడు. వాడే అని తేల్చేసుకున్నాడు, అన్నం సహించలేదు.

అప్పుడు ఓ బుద్ధి తక్కువ పని చేశాడు. బుధవారం అడవికి ముందే ఇంజను వేడెక్కిందని బస్సు ఆపేశాడు. శుక్రవారం బ్రేకులన్నాడు. అడవి తప్పిన ఆ రెండు రోజులూ ఆమెకు వయసు పెరిగింది. ఆయనకు సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. ఆదివారం ఫ్యాన్ బెల్టు తెగేలా ఉందని మళ్ళీ ఆపాడు. ప్రయాణికులు టీ తాగడానికి దిగారు.

ఆమె బానెట్ ఎత్తి చూసి వచ్చింది. "బెల్టు బాగానే ఉందండీ."

"బెల్టు సంగతి నీకేం తెలుసు? ఎవడు నేర్పాడు?"

ఆమె బ్యాగులోంచి ఒక కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆమె ఫొటోతో హెవీ లైసెన్సు. నేర్పింది డ్రైవింగ్ స్కూలు మాస్టారట, ఆయనకు డెబ్భై ఏళ్ళట. ఇద్దరూ పనులు మార్చుకోవడానికి మేనేజరు కూడా ఒప్పుకున్నాడట.

"మీరు నన్ను చూసి ఏడుస్తున్నారు. నేను మిమ్మల్ని చూసి ఏడుస్తున్నాను," అంది. "నా ఈడువాళ్ళందరికీ కళ్ళజోళ్ళొచ్చాయి, మోకాళ్ళ నొప్పులొచ్చాయి. నేను వెళితే చిన్నపిల్ల వచ్చిందని మాట మార్చేస్తారు. మీతో మాత్రం గంటలు గంటలు చెప్పుకుంటారు. ఇద్దరం కలిసి ముసలివాళ్ళం అవుదామనుకున్నాం కదా. మీరొక్కరే వెళ్ళిపోతున్నారు."

ఆమె అప్పటికే లెక్క వేసుకుంది. ఇక మీదట ఆయన అడవిలోకి వెళ్ళాలి, ఆమె బయట ఉండాలి. మళ్ళీ ఇరవై రెండేళ్ళకు ఆయనకు యాభై, ఆమెకు నలభై ఎనిమిది.

"లేవండి," అంది.

ఆయన లేచి, గైడు సీటులో కూర్చున్నాడు. మలుపుల దగ్గర ఆయన కాలు ఉత్తుత్తి బ్రేకు తొక్కుతూనే ఉంది. ఆమె బస్సును నెమ్మదిగా నడిపి గేటు పక్కన, రోజూ ఆయన ఆపే చోటే ఆపింది.

జెండా పట్టుకుని ఆయన మొదటిసారి లోపలికి నడిచాడు, వెనకాల నలభై మంది. మొదటి పెద్ద చెట్టు దగ్గర ఆగాడు. అక్కడ ఆమె రోజూ ఏం చెప్పేదో ఆయన ఒక్కసారీ వినలేదు. "ఇదెంత పాతదో నాకు తెలియదండీ," అన్నాడు. "ఇరవై రెండేళ్ళుగా దీన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. చూడటం ఇదే మొదలు." జనం తలలూపి ఫొటోలు తీసుకున్నారు.

తిరిగొచ్చాక ఒకావిడ బస్సెక్కుతూ, "మీ నాన్నగారు భలే మనిషమ్మా," అంది.

"మా ఆయనండీ," అంది డ్రైవరు, అద్దం సరిచేసుకుంటూ. "మీకలా కనిపించడానికి కొంచెం టైము పడుతుంది. కూర్చోండి."