తలుపు వేసిన ట్రిబ్యూన్ ఇల్లు

మానియస్‌ని జనం ట్రిబ్యూన్‌గా ఎన్నుకున్నప్పటి నుంచి ఇల్లెక్కడ ఆగి వీధెక్కడ మొదలవుతుందో అతని భార్య లుస్కియాకి తెలియకుండా పోయింది. రాజుల్ని తరిమేసిన ఊరది. ఏలడానికి కాన్సళ్ళు ఇద్దరు, అదీ ఏడాదికే. వాళ్ళ కోపం నుంచి పేదవాణ్ణి కాయడానికి ట్రిబ్యూన్. అతనికి కత్తీ లేదు, బంటూ లేడు. దెబ్బ తినబోయేవాడికి అడ్డంగా వెళ్ళి నిలబడతాడు, అంతే. అతని ఒంటి మీద చెయ్యి వేసే మగాడు రోములో లేడు. ఎవరికి ఎప్పుడు ఆపద ముంచుకొస్తుందో తెలియదు కాబట్టి, ఆ ఇంటి తలుపు రాత్రీ పగలూ తెరిచే ఉండాలి.

మాట బాగానే ఉంది. డిసెంబరు చలిగాలికి ఈ ధర్మాలన్నీ ఎవరు చెప్పాలి?

పొద్దుటి నుంచి చిన్నది పోల్లా ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పిల్లని ఒళ్ళో వేసుకుని లుస్కియా కుంపటి పక్కన జోగుతోంది. ఉల్లిపాయలవాడి కేక, గాడిద మెడలో గంట, తడిసిన ఉన్ని వాసన, అన్నీ ఇంట్లోకి వచ్చి తిరిగి వెళ్ళిపోతున్నాయి. ఇల్లు పడవై, టైబర్ నది దాని మధ్యనుంచే పారుతున్నట్టుంది. పిల్ల పళ్ళు టకటకలాడితే ఉలిక్కిపడింది. మానియస్ ఊరి నడుమ జనం చేరే ఫోరంలో ఉన్నాడు. ఒక్క కునుకు సేపే అనుకుని, లేచి తలుపు వేసేసింది.

ఎంత నిశ్శబ్దం! ఆ నిశ్శబ్దంలో తల్లీపిల్లా కలిసి మునిగిపోయారు. కలలో మెత్తటి మంచు పడుతోంది, అది వెచ్చగా ఉంది.

ఏడుపులకి మెలకువ వచ్చింది. తలుపు తీస్తే వీధి నిండా ఆడవాళ్ళు, జుట్లు విరబోసుకుని.

"ఎలా పోయాడమ్మా, తల్లీ!"

"ఎవరు?"

"ఇంకెవరు, నీ మొగుడు!"

అంతలో గుంపు వెనకనుంచి మానియసే వచ్చాడు. పక్కన వెట్టియా, ఉన్ని వడికే ముసలావిడ. ఆమె కొడుకు స్పూరియస్ చొక్కా చంకలో పెట్టుకుని, ఒట్టి ఒంటితో వణుకుతున్నాడు.

"నేను పోయానట," అన్నాడు మానియస్. "ఫోరంలో నాకే చెప్పారు."

"ఏం చెయ్యనయ్యా?" వెట్టియా మొత్తుకుంది. "సైన్యానికి పేరు పిలిస్తే వీడు పలకలేదని కాన్సల్ బెత్తాలవాళ్ళు పట్టుకున్నారు. నీ దగ్గరికి పరిగెత్తుకొస్తే తలుపు మూసుంది! ట్రిబ్యూన్ చస్తే తప్ప తలుపు మూస్తారా ఎక్కడన్నా? గుండెలు బాదుకుంటూ ఫోరమంతా తిరిగా."

"నా కోసం ఏడ్చేది ఎవరా అని చూడ్డానికొచ్చా. అప్పటికే బెత్తం పైకి లేచింది. వెళ్ళి వీడికి అడ్డం నిలబడ్డా."

లుస్కియాకి సిగ్గు వేసింది, వెంటనే కోపం ముంచుకొచ్చింది. "ఊరందరికీ అడ్డం నిలబడతావు కదయ్యా! నీ పిల్ల చలికి బిగుసుకుపోతుంటే ఎవడొస్తాడు అడ్డం?"

మానియస్ పిల్ల నుదురు ముట్టుకున్నాడు. అతని మొహం ముడుచుకుపోయింది. "తలుపు మాత్రం మూయలేను, లుస్కియా," అన్నాడు.

వెట్టియా పిల్లని చూసింది. గుమ్మంలో చతికిలబడింది, వీపు వీధికి పెట్టి.

"ఒరే స్పూరియస్, ఇలా రారా. చొక్కా తొడుక్కుని కూర్చో. వెడల్పాటి వీపు, దేనికన్నా పనికి రానీ."

వాడు కూర్చున్నాడు. ఉల్లిపాయలవాడు ఇంకో పక్కన ఇరుక్కున్నాడు. వెనక ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి సందు కప్పేశారు.

"మరి ఎవరన్నా మొరపెట్టుకోడానికొస్తే?" అంది లుస్కియా.

"లేచి దారిస్తాం. నువ్వు పడుకో అమ్మాయ్," అంది వెట్టియా.

కుంపట్లో మంట కదలకుండా నిలిచింది. లుస్కియా పిల్లని గుండెకి హత్తుకుని గుమ్మం వైపు చూసింది. ఈపాటికి చీలిపోయి నెత్తురు కారాల్సిన వీపు గాలికి అడ్డంగా వంగి ఉంది. ఆమెకి ఏడుపు ఆగలేదు. పొద్దు వాలేసరికి జ్వరం దిగి పోల్లా నుదుటి మీద చెమట పట్టింది.